నూట నలభై ఆరో పేజీ

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చివర గుసగుసలు ఆపండి. వీపు గోక్కునేవాళ్ళు ఇప్పుడే గోక్కోండి, మధ్యలో కదిలితే ఊరుకోను. సగం విని లేచిపోదామనుకునేవాళ్ళు అసలు మొదలే వినొద్దు. సగం కథ పట్టుకుపోయిన మనిషి వల్ల ఎంత గొడవ అవుతుందో ఇప్పుడు చెప్తాను.

ఉదయం పది నలభై.

రీడింగ్ రూమ్ తాళం తీసింది లైబ్రేరియన్. లోపల బల్ల ఉంది. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ ఉంది. గుడ్డ మీద ఉండాల్సిన పుస్తకం లేదు.

ఆవిడ కేక వెయ్యలేదు. పన్నెండేళ్ళుగా 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద కూర్చున్న మనిషి, కేక వెయ్యడం ఎప్పుడో మర్చిపోయింది. నోరు మాత్రం తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే హెడ్ మేడమ్ గది దాకా నడిచింది.

పదకొండు పదిహేనుకి గేటు దగ్గర జీపు ఆగింది.

దిగినాయన ఇన్‌స్పెక్టర్. స్టేషన్లో అందరూ చాటుగా తక్కెడ అంటారు. ఎవరేం చెప్పినా రెండు కాగితాల మీద రాసుకుంటాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. ఒకసారి ఒక ఇంట్లో దొంగతనమైతే మొగుడి స్టేట్‌మెంట్, పెళ్ళాం స్టేట్‌మెంట్ అలాగే పక్కపక్కన పెట్టాడట. దొంగ దొరకలేదు గానీ ఆ ఇద్దరూ మర్నాడే విడాకులకి వెళ్ళారట.

గుమ్మం మీద బోర్డు చదివాడు తక్కెడ. తులనాత్మక సాహిత్య శాఖ. అర్థంకాక రెండోసారి చదివాడు.

"ఏం చేస్తారు మేడమ్ ఇక్కడ?"

"మన దేశపు పుస్తకాన్నీ పడమటి దేశాల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాం" అంది హెడ్ మేడమ్. "ఎక్కడ కలిశాయి, ఎక్కడ కలవలేదు, ఎందుకు కలవలేదు. అంతే."

"మా పనీ అదే" అన్నాడు తక్కెడ. "కాకపోతే మావాళ్ళు కొట్టుకుంటారు."

"మావాళ్ళు కొట్టుకోరనుకున్నారా" అంది ఆవిడ.

ఆ శాఖలో దుమ్ము గురించి ఒక మాట చెప్పాలి. ఒక లెక్చరర్ కళ్ళజోడు తీసి షెల్ఫులో పెట్టి మర్చిపోయాడు. వెతగ్గా వెతగ్గా అది దొరికిన రోజు, ఆయన రిటైర్మెంటు సభ జరుగుతోంది. అంత దుమ్ము. తక్కెడ కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు.

హెడ్ మేడమ్ సంగతి చెప్పింది.

పోయింది ఒక పడమటి కథల పుస్తకం. నూరేళ్ళనాటిది. ఈ చుట్టుపక్కల ఇంకో కాపీ లేదు. అందులో ఒక కథ. తల్లి తాళంచెవి బావిలో పడిపోతుంది. కూతురు నడుముకి తాడు కట్టుకుని దిగుతుంది. సరిగ్గా అలాంటి కథే మన వైపూ ఉంది. మన కథలో పిల్ల తాళంచెవితో పైకి వస్తుంది. వాళ్ళ కథలో తాడు ఒక్కటే పైకి వస్తుంది.

"ఈ రెండూ పక్కపక్కన పెట్టి ముప్పై ఏళ్ళ కిందట మా సీనియర్ ప్రొఫెసర్ గారు ఒక పుస్తకం రాశారు. మునిగిన పిల్ల, తేలిన పిల్ల. అందరం ఆయన్ని పెద్దాయన అంటాం. పడమటి సాహిత్యంలో దిగినవాడు మునుగుతాడు, మన సాహిత్యంలో దిగినవాడు తేలతాడు. అదీ ఆయన సిద్ధాంతం. ఏటా పరీక్షలో వచ్చే ప్రశ్న అది. నేను కూడా అది రాసే పాసయ్యాను."

"మరి గొడవేమిటి?"

"మా రీసెర్చి స్కాలర్ ఒకమ్మాయి ఉంది. పొద్దస్తమానం చీటీలు రాస్తూ ఉంటుంది, అందుకని చీటీలమ్మాయి అంటారు. అయిదేళ్ళు కష్టపడి థీసిస్ రాసింది. వాళ్ళ కథలో పిల్ల కూడా పైకి వచ్చింది అంటోంది."

"ఆధారం?"

"నూట నలభై ఆరు, నూట నలభై ఏడు. ఆ రెండు పేజీల కాపీ ఏదో దూరదేశపు లైబ్రరీ వాళ్ళు పంపారంటోంది. పెద్దాయన అవి దొంగ పేజీలన్నారు. కథ నూట నలభై అయిదులో అయిపోయింది, నేను చదివాను కదా అన్నారు. ఈరోజు మూడింటికి కమిటీ ముందు మన పుస్తకం తెరిచి చూడాలని నిర్ణయం."

"ఆ పేజీలు లేకపోతే?"

"దొంగ సాక్ష్యం పెట్టినట్టు. థీసిస్ కొట్టేస్తాం. పేరు తీసేస్తాం. ఇంక ఏ యూనివర్సిటీ గుమ్మమూ ఎక్కనివ్వరు ఆ పిల్లని."

"ఉంటే?"

హెడ్ మేడమ్ పెన్ను మూత తీసింది, పెట్టింది. "అంత దూరం ఎవరూ ఆలోచించలేదు."

"ఇప్పుడు పుస్తకమే లేదు."

"దొంగ పేజీలు పుట్టించిన మనిషికి పుస్తకం మాయం చెయ్యడం ఒక లెక్కా అంటున్నారు పెద్దాయన."

"రీడింగ్ రూమ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"లైబ్రేరియన్ దగ్గర."

"ఆవిడకి ఈ చీటీలమ్మాయి ఏమైనా అవుతుందా?"

హెడ్ మేడమ్ కిటికీలోంచి బయటికి చూసింది. "మేనకోడలు."

తక్కెడ రెండో కాగితం తీశాడు.

రీడింగ్ రూమ్. పదకొండు నలభై.

ఒక తలుపు, ఒక కిటికీ. కిటికీకి ఇనుప చువ్వలు. గోడకి అద్దాల బీరువా. బల్ల మీద ఒక స్టీలు స్కేలు.

"పుస్తకం ఎన్నింటికి పెట్టారమ్మా?"

"తొమ్మిదింబావుకి" అంది లైబ్రేరియన్. "బల్ల తుడిచాను, గుడ్డ పరిచాను, పెట్టాను. తాళం వేసి కమిటీ ఆర్డర్ మీద సంతకం కోసం మేడమ్ గదికి వెళ్ళాను. అక్కడే కూర్చోబెట్టేశారు."

"తెరిచి చూశారా?"

"నేనా? దానికి ఖాకీ కాగితం అట్టేసి, దారం కట్టి ఉంది. పెద్దాయన స్వయంగా కట్టింది. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే అలా ఉంది. ఆయన పేరు మీద రిజర్వులో ఉండేది. ఆయన ఒప్పుకోనిదే ఎవరికీ ఇవ్వకూడదు. ఇన్నేళ్ళలో దాని బయట దుమ్ము దులిపానే గానీ లోపల మొహం చూడలేదు."

"ఇంకో తాళంచెవి ఉందా?"

"నోటీసు బోర్డు వెనక మేకుకి ఉంటుంది. అది రహస్యం."

"ఎంతమందికి తెలుసు?"

"అందరికీ."

తక్కెడ వంగి ఆకుపచ్చ గుడ్డ మీదకి చూశాడు. తెల్లగా ఏదో నూగు. వేలితో అద్దాడు. వెలుతురుకి పట్టుకున్నాడు. దూది కాదు. సుద్దపొడి కాదు. కాగితం పొట్టు.

లైబ్రేరియన్ కళ్ళజోడు సర్దుకుంది. "అదెక్కడిది? తొమ్మిదింటికి తుడిచానే ఈ బల్ల."

స్కేలు అంచు చూశాడు. అక్కడా అదే పొట్టు.

పేజీలు చింపారా? ఎవరు? ఏ పేజీలు? తక్కెడ పొట్టుని మడత కాగితంలో వేసుకుని, టైము రాసుకున్నాడు.

బయట వరండాలో, రీడింగ్ రూమ్ తలుపుకి ఎదురుగా ఒక వాష్ బేసిన్ ఉంది. బేసిన్ కిందనించి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. అది ప్లంబరు. బిల్డింగులో నీళ్ళు వాసనొస్తున్నాయని మూడు వారాలుగా అతన్ని పిలుస్తూనే ఉన్నారు.

"ఎన్నింటి నుంచి ఉన్నావయ్యా ఇక్కడ?"

"తొమ్మిదిన్నర నుంచి సార్." తల బయటికి రాలేదు.

"ఈ తలుపు దగ్గరికి ఎవరొచ్చారు?"

"మొహాలు అడక్కండి సార్. నా వృత్తిలో మొహాలు కనపడవు. చెప్పులు అడగండి."

"సరే, ఎవరి చెప్పులు?"

"తొమ్మిది నలభైకి నీలం పట్టీల చెప్పులు వచ్చాయి. తలుపు దగ్గర ఆగాయి. ఒక నిమిషం అలాగే ఉన్నాయి. తర్వాత పైపు బిగించడానికి తల లోపల పెట్టాను. మళ్ళీ చూస్తే లేవు."

"లోపలికి వెళ్ళాయా, వెనక్కి వెళ్ళాయా?"

"అది చెప్పలేను. కాసేపటికి లోపల్నించి చప్పుడు మొదలైంది. బర్రు. మళ్ళీ బర్రు. ఎవరో పాత దుప్పటి చింపుతున్నట్టు. పీలికలు చేస్తున్నారు కాబోలు, పైపుకి చుట్టడానికి ఒకటి అడుగుదామని పదీ ఇరవైకి వెళ్ళి తలుపు కొట్టాను."

తక్కెడ పెన్ను ఆగింది. "ఎవరు తీశారు?"

"ఎవరూ తియ్యలేదు. చప్పుడు కూడా ఆగిపోయింది. ఒక్క గుడ్డపీలికకి ఇంత పిసినారితనమా అనుకుని, వాల్వు కట్టడానికి డాబా మీదికి పోయాను. వచ్చేసరికి లైబ్రరీ అమ్మగారు నోరు తెరుచుకుని నడుస్తున్నారు."

నీలం పట్టీల చెప్పులు వరండా చివర బెంచీ కింద కనపడ్డాయి. వాటిలో చీటీలమ్మాయి కాళ్ళు ఉన్నాయి. ఒళ్ళో చీటీల కట్ట ఉంది. చేతులు దాని మీద గట్టిగా బిగిసి ఉన్నాయి.

"తొమ్మిది నలభైకి ఆ తలుపు దగ్గరికి ఎందుకెళ్ళావమ్మా?"

"చూద్దామని."

"తాళం వేసిన తలుపునా?"

"అయిదేళ్ళుగా ఆ పుస్తకం మీద రాస్తున్నాను సార్. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ పెద్దాయన కాదన్నారు. అందుకే దూరదేశానికి ఉత్తరం రాసి పేజీలు తెప్పించుకున్నాను. ఇవాళ అది తలుపు అవతలే ఉంది కదా అని వెళ్ళి నిలబడ్డాను. వచ్చేశాను."

"తాళంచెవి మీ అత్తయ్య దగ్గరే ఉంటుంది. ఎప్పుడైనా ఒక్కసారి తీసి చూపించమని అడగలేదా?"

"అడిగాను."

"ఏమంది?"

"ఇంట్లో అత్తయ్యని, ఇక్కడ లైబ్రేరియన్ని అంది. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు."

"నువ్వు వచ్చేశావనడానికి సాక్షి?"

ఆ పిల్ల నేల చూసింది. "ఎవరూ లేరు."

ఆ మాట అబద్ధంలా లేదు. కానీ తక్కెడ ఉద్యోగంలో అబద్ధంలా లేని అబద్ధాలు చాలా విన్నాడు. నీలం పట్టీలు అని రాసి కింద గీత గీశాడు.

పన్నెండూ పది. పెద్దాయన గది.

ఆ బిల్డింగంతటికీ దుమ్ము లేని గది అదొక్కటే. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. నల్ల కోటు, తెల్ల జుట్టు, మెత్తటి గొంతు.

"ఆ అమ్మాయిని ఏమీ చెయ్యకండి ఇన్‌స్పెక్టర్ గారూ. చిన్నపిల్ల. పేరు కోసం తొందరపడింది. పుస్తకం దొరక్కపోయినా ఫర్వాలేదు. థీసిస్ వెనక్కి తీసుకుంటే చాలు."

"పొద్దున్న ఎక్కడున్నారు సార్?"

"ఇక్కడే. చదువుకుంటూ." కుడిచేతి కోటు అంచు దులుపుకున్నాడు.

"ఎవరైనా చూశారా?"

"చదువుకునేవాణ్ణి ఎవరు చూస్తారండీ?" ఎడమచెయ్యి కూడా దులుపుకున్నాడు.

శుభ్రమైన మనిషి అనుకున్నాడు తక్కెడ. "ఆ కథ నూట నలభై అయిదులో అయిపోతుందన్నారు. గుర్తుందా?"

"తాడు ఖాళీగా పైకి వచ్చింది. అదే ఆఖరి వాక్యం. ముప్పై ఏళ్ళయినా కళ్ళకి కట్టినట్టు ఉంది."

"మీ పుస్తకం ఒక కాపీ ఇస్తారా? పక్కన పెట్టి చూసుకోవాలి."

పెద్దాయన మొహం వెలిగింది. "ఒకటేం, పది తీసుకోండి."

ఒంటిగంటన్నర. ఖాళీ క్లాసురూము.

బల్ల మీద ఎడమవైపు పెద్దాయన పుస్తకం, కుడివైపు చీటీలమ్మాయి థీసిస్. తక్కెడ అటు చూశాడు, ఇటు చూశాడు. రెండూ బుర్రకెక్కలేదు. మూడో పేజీకి ఆవలింత వచ్చింది.

చిన్నప్పుడూ అంతే. రోజూ నాయనమ్మ కథ మొదలుపెట్టేది, రాకుమారుడు అడవిలోకి వెళ్ళేసరికి వీడికి నిద్రపట్టేది. పెళ్ళయి, కూతురికి అదే కథ చెప్తున్నప్పుడు, "తర్వాత?" అని ఆ పిల్ల అడిగింది. తర్వాత ఏమీ లేదు, అడవిలోనే ఉండిపోయాడు అన్నాడు తక్కెడ. ఆ పూట ఆయన భార్య నవ్వలేక నడుం పట్టుకుంది. ఆ రాకుమారుడు ఎప్పుడో ఇంటికొచ్చి పట్టాభిషేకం కూడా చేసుకున్నాడని అప్పుడు తెలిసింది.

ఆ సంగతి గుర్తొచ్చి తక్కెడ నిటారుగా కూర్చున్నాడు.

మాటలు వదిలేశాడు. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫుట్‌నోట్లు చూశాడు. అంకెలు ఆయనకి అలవాటే. ఇరవై ఏళ్ళు బళ్ళ నంబర్లు చూసిన కళ్ళు. పెద్దాయన ఆ పడమటి పుస్తకంలోంచి ఎత్తి చూపిన పేజీల నంబర్లన్నీ ఒక నిలువు వరసలో రాశాడు. యాభై ఆరు. వరస పైనించి కిందికి చూశాడు. కిందనించి పైకి చూశాడు. ఒక కాగితం తీసుకుని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

లైబ్రేరియన్ని పిలిచాడు.

"ఆ పుస్తకంతోపాటు అచ్చయినది ఇంకోటి ఉందా అమ్మా?"

"రెండో సంపుటం ఉంది. బీరువాలో అడుగున. దాన్ని ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను."

ఆవిడ తెచ్చింది. ఆయన తెరిచాడు. ఒక పేజీ వచ్చింది. దాని వెనక పేజీ రాలేదు. వేలు పెట్టి లాగాడు. రాలేదు.

ఆవిడ వంగి చూసింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ నిశ్శబ్దం బోర్డు కింద మనిషి గట్టిగా మాట్లాడింది.

"అయ్యో, మా కోడలుపిల్లా."

మూడు గంటలు.

కమిటీ గది. పొడుగు బల్ల. ఒక చివర హెడ్ మేడమ్, ఆవిడకి అటూ ఇటూ కమిటీ సభ్యులు ఇద్దరు. ఎదురుగా పెద్దాయన. గోడవారన చీటీలమ్మాయి, లైబ్రేరియన్. గుమ్మంలో పానా పట్టుకుని ప్లంబరు. సాక్షి కదా, కూర్చోమన్నారు గానీ, తడి బట్టలని నిలబడ్డాడు.

"పుస్తకం దొరికిందా?" అంది హెడ్ మేడమ్.

"ఇంకా లేదు మేడమ్. ముందు సార్ పుస్తకం గురించి ఒక చిన్న అనుమానం." తక్కెడ జేబులోంచి నిలువు వరస తీశాడు. "సార్, నేను అంకెలే చదివాను. మిగతాది నాకు మించిన పని. పేజీ ఎనిమిది, తొమ్మిది రాశారు. పది, పదకొండు లేవు."

"అక్కడ చెప్పుకోదగ్గది లేదు" అన్నాడు పెద్దాయన.

"పన్నెండు, పదమూడు ఉన్నాయి. పద్నాలుగు, పదిహేను లేవు."

"యాదృచ్ఛికం."

"నలభై, నలభై ఒకటి ఉన్నాయి. నలభై రెండు, నలభై మూడు లేవు. నూట నలభై నాలుగు, నూట నలభై అయిదు ఉన్నాయి. యాభై ఆరు ఫుట్‌నోట్లు సార్. రెండు పేజీలు నడక, రెండు పేజీలు గెంతు. మొదట్నించి చివరిదాకా ఒక్క అడుగు తప్పలేదు. తొక్కుడుబిళ్ళ ఆటలో మా అమ్మాయి కూడా ఇంత శ్రద్ధగా గెంతదు."

పెద్దాయన కోటు దులుపుకోలేదు ఈసారి.

తక్కెడ రెండో సంపుటం బల్ల మీద పెట్టాడు. "ఇది మీ అందరికీ తెలిసే ఉంటుంది. నాకు ఇవాళే తెలిసింది. పాతరోజుల్లో పెద్ద కాగితం మీద అచ్చేసి, మడిచి, అలాగే కుట్టేసేవాళ్ళు. అంచు కోసేవాళ్ళు కాదు. కొన్నవాడు కత్తితో కోసుకుంటూ చదువుకోవాలి. కొయ్యకపోతే రెండు పేజీలు తెరుచుకుంటాయి. తర్వాతి రెండూ లోపల ఉండిపోతాయి, నోరు కుట్టిన జేబులాగ. ఆ తర్వాత రెండు మళ్ళీ తెరుచుకుంటాయి."

హెడ్ మేడమ్ సంపుటం అందుకుని ఒక మడతలో వేలు పెట్టి చూసింది.

"పోయిన పుస్తకం కూడా కొయ్యనిదే. ముప్పై ఏళ్ళ కిందట సార్ చదివింది సగమే. తెరుచుకున్న సగం. తాడు ఖాళీగా వచ్చింది అన్న వాక్యం నూట నలభై అయిదులో అడుగున ఉంది. పక్కన రెండు పేజీలు జేబులో ఉన్నాయి. తర్వాత కనపడేది నూట నలభై ఎనిమిది. అక్కడ వేరే కథ మొదలైంది. కథ అయిపోయిందనుకున్నారు."

"ఇది ఊహ" అన్నాడు పెద్దాయన. గొంతు మెత్తగానే ఉంది.

"ఊహే సార్. కానీ ఇవాళ మూడింటికి పుస్తకం తెరిస్తే ఎవరికి నష్టం? పేజీలు అంటుకుని ఉంటే ఆ అమ్మాయికి పోయేదేమీ లేదు. కోసి చూడండి అంటుంది. సార్ చదవలేదని మాత్రం బయటపడుతుంది. అందుకని సార్ పొద్దున్నే మేకుకున్న తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్ళారు. మూడింటిలోపు అన్నీ కోసేసి, ఎప్పుడో చదివినట్టు పెట్టాలి. లోపల ఏమున్నా సరే, చదవలేదన్న మాట రాకూడదు. కత్తి లేదు. స్కేలుతో మొదలుపెట్టారు. అదీ ఈయన విన్న చప్పుడు."

ప్లంబరు తల ఊపాడు. "బర్రు" అన్నాడు, గుర్తుకోసం.

"పదీ ఇరవైకి ఈయన గుడ్డపీలిక కోసం తలుపు కొట్టాడు. సార్ స్కేలు కింద పెట్టేశారు. ఈయన డాబా మీదికి పోగానే పుస్తకం కోటులో పెట్టుకుని బయటపడి, మళ్ళీ తాళం వేశారు. పొట్టు బల్ల మీద మిగిలింది. కోటు చేతుల మీద కూడా మిగిలింది."

"పుస్తకం ఏది?" అంది హెడ్ మేడమ్.

"సార్ పుస్తకాన్ని చింపలేరు మేడమ్. కాల్చలేరు. జీవితమంతా పుస్తకాల మధ్య బతికిన మనిషి. దాచారు. అందుకే అడుగుతున్నాను. ఈ బిల్డింగులో ఎవరూ ఎప్పుడూ చెయ్యి పెట్టని చోటు ఏదైనా ఉందా?"

కమిటీ సభ్యులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత బల్ల చూశారు. హెడ్ మేడమ్ గొంతు బాగా తగ్గించింది.

"స్టోర్ రూమ్‌లో... సార్ పుస్తకం కాపీల పెట్టెలు ఉన్నాయి."

లైబ్రేరియన్ వెళ్ళింది. మూడూ పద్దెనిమిదికి తిరిగొచ్చింది. ఆరు పెట్టెల మీద వేలెడు దుమ్ము, ఏడో పెట్టె మీద పది వేళ్ళ గుర్తులు అని చెప్పింది. ఆవిడ చేతుల్లో నూరేళ్ళనాటి పుస్తకం ఉంది. అరవై నాలుగో పేజీదాకా అంచులు కుక్క కొరికినట్టు ఉన్నాయి. ఆ తర్వాత అన్నీ నోరు మూసుకుని ఉన్నాయి.

పెద్దాయన దాన్ని చూశాడు. ఇంక మాట దాచలేదు.

"అప్పట్లో లైబ్రేరియన్ ఒక ముసలాయన. కొయ్యాలంటే ఆయనే కొయ్యాలి, కమిటీ అనుమతి కావాలి. నాకు రెండు వారాలే గడువు ఉంది. తెరుచుకున్నంతమేర చదివాను. తాడు ఖాళీగా వచ్చిందని చదివి, ఆ పూట తిండి తినలేదు. ఏడ్చాను. ఏడ్చినవాడికి ఇంకా ఏదో మిగిలి ఉందన్న అనుమానం ఎలా వస్తుంది?"

"తర్వాత తెలియలేదా సార్?" అన్నాడు తక్కెడ.

"నా పుస్తకం అచ్చయ్యాక తెలిసింది. మడత కనపడింది. లోపల ఏముందో చూడనంతవరకు నేను రాసింది అబద్ధం కాదు కదా అనుకున్నాను. అట్టేసి దారం కట్టేశాను." ఆయన చీటీలమ్మాయి వైపు చూడలేదు. "లోపల ఏముందో నాకిప్పటికీ తెలియదు. ఏమీ లేకపోవచ్చు. బొమ్మ ఉండొచ్చు. ఆ కాపీలు దొంగవే కావచ్చు."

అదీ నిజమే. చీటీలమ్మాయి చేతిలో చీటీల కట్ట నలిగిపోయింది. అయిదేళ్ళ చదువు ఒక మడత లోపల ఉంది.

"కొయ్యండి" అంది హెడ్ మేడమ్.

లైబ్రేరియన్ సొరుగులోంచి మొద్దు కత్తి తెచ్చింది. మేనకోడలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. లైబ్రేరియన్ కదా. మడతలో కత్తి పెట్టి, మెల్లగా లాగింది. నూరేళ్ళు మూసుకున్న కాగితం చిన్న చప్పుడుతో విడింది.

రెండు పేజీలు. నిండా అక్షరాలు.

చీటీలమ్మాయి ముందుకొచ్చింది. పుస్తకం తీసుకుంది. ముట్టుకోవాలని అయిదేళ్ళు ఎదురుచూసిన పుస్తకం. ఒక్క క్షణం అరచెయ్యి దాని మీద ఉంచి, పెద్దాయన ముందు పెట్టింది.

"మీరే చదవండి సార్. ఆ పిల్ల కోసం ముందు ఏడ్చింది మీరే కదా."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పడమటి మాట చూసి, మన మాటలో చెప్పుకుంటూ చదివాడు.

"తాడు ఖాళీగా వచ్చింది, ఎందుకంటే పిల్ల ముడి తనే విప్పుకుంది. తాళంచెవి రాళ్ళ సందులో ఉంది. తాడు అంతదూరం అందలేదు. పిల్ల తాళంచెవి పళ్ళతో కరిచి పట్టుకుని, రాయీ రాయీ పట్టుకుని పైకెక్కింది. ఎక్కేసరికి బావి దగ్గర ఎవరూ లేరు. అందరూ ఏడ్చి ఇళ్ళకి వెళ్ళిపోయారు."

ఆయన ఆగాడు. వేలు పక్క పేజీ మీదికి జరిపాడు.

"పిల్ల ఇంటికెళ్ళి తలుపు కొట్టింది. ఎవరూ అని తల్లి అడిగింది. పిల్ల నోట్లో తాళంచెవి ఉంది. అమ్మా అనలేకపోయింది. తల్లి తలుపు తియ్యలేదు. అప్పుడు పిల్ల నోట్లోంచి తాళంచెవి తీసి, తాళం తనే తీసుకుని, లోపలికి వచ్చింది."

పుస్తకం మూసి, చీటీలమ్మాయి థీసిస్ దగ్గరికి లాక్కున్నాడు. మొదటి పేజీ మీద 'ఆమోదించాను' అని రాశాడు. సంతకం పెట్టాడు. పెన్ను తక్కెడ ముందు పెట్టి, "నా స్టేట్‌మెంట్ కూడా రాసుకోండి" అన్నాడు.

"పుస్తకం బిల్డింగు దాటి పోలేదు సార్" అన్నాడు తక్కెడ. "మేడమ్ కంప్లైంటు వెనక్కి తీసుకుంటే నాకు రాసేదేమీ లేదు."

హెడ్ మేడమ్ కంప్లైంటు కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "వచ్చే ఏడు పరీక్షలో ఏం ప్రశ్న ఇవ్వాలో?" అని తనలో తను అనుకుంది.

గోడవారన లైబ్రేరియన్, మేనకోడలు చెయ్యి పట్టుకుంది. మూడూ నలభై అయింది. కాసేపు ఆవిడ లైబ్రేరియన్ కాదు.

అంతా లేస్తున్నారు. గుమ్మంలో ప్లంబరు మాత్రం కదల్లేదు. పానా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఏదో లెక్క తేలినట్టు తల పంకించాడు.

"అయితే ముప్పై ఏళ్ళనించీ ఆ పిల్ల బావిలోనే ఉందన్నమాట. ముందే చెప్పొచ్చు కదండీ. నీళ్ళు వాసనొస్తున్నాయంటే నేను మూడుసార్లు ట్యాంకు కడిగాను."